అదను తప్పిన తేనెటీగల గుంపులు – చలికాలపు మనుగడ: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

శీతల దేశాలలో వేసవి చివర తల్లిపట్టు నుంచి విడిపోయిన తేనెటీగల గుంపులలో అధికభాగం మొదటి చలికాలాన్ని దాటలేవు. ఇంగ్లండు జానపదుల సామెత ఒకటి జులైలో విడిపోయిన గుంపుకు విలువే లేదని తేల్చింది. ఆ తీర్పు వెనుక ఉన్న జీవశాస్త్ర కారణాలను వివరించడం, ఆ తీర్పు ఏ కాలానికి, ఏ పెంపక పద్ధతికి చెల్లిందో పరిశీలించడం, అటువంటి గుంపులను బతికించేందుకు నేడు అందుబాటులో ఉన్న విధానాలను క్రమంగా చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆలస్యపు గుంపుకు ఉన్న ప్రధానమైన లోటు కాలమేనని, పెంపకందారు చేసే ప్రతి సాయమూ ఆ కాలాన్ని మరో రూపంలో సమకూర్చడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తేనెటీగలు, గుంపు విడిపోవడం, చలికాలం, మైనం, వరోవా నల్లి, కుటుంబాలను కలపడం, అదను.

1. ఉపోద్ఘాతం:

తెలుగు రైతు వ్యవహారంలో 'అదను' అనే మాటకు ప్రత్యేకమైన బరువు ఉంది. విత్తనం మంచిదైనా, నేల సారవంతమైనదైనా, అదను తప్పితే పంట చేతికి రాదు. కార్తెలను ఆధారం చేసుకొని పుట్టిన వ్యవసాయ సామెతలన్నీ ఈ సత్యం చుట్టూ అల్లుకున్నవే. ఇటువంటి కాలజ్ఞానమే ఇంగ్లండు గ్రామీణులలో తేనెటీగల విషయంగా ఒక సామెత రూపం దాల్చింది. మే నెలలో విడిపోయిన గుంపుకు ఎక్కువ విలువను, జూన్ గుంపుకు అంతకంటే తక్కువ విలువను ఇచ్చే ఆ సామెత, జులై గుంపును పూర్తిగా విలువలేనిదిగా లెక్కకడుతుంది. మన కార్తె సామెతల వలెనే ఇది కూడా తరాల పరిశీలనను పొదుపైన మాటలలో భద్రపరచిన జ్ఞానం.

ఐతే సామెత ఫలితాన్ని చెబుతుంది; కారణాన్ని చెప్పదు. ఒకే జాతికి చెందిన, ఒకే విధంగా పుట్టిన రెండు గుంపులలో ఎనిమిది వారాల తేడా వల్ల ఒకటి బతకడం, మరొకటి నశించడం ఎందుకు జరుగుతున్నది? ఆ తేడాను మనిషి పూడ్చగలడా? పూడ్చగలిగినా, పూడ్చవలసిన అవసరం ఉందా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలను అన్వేషించే ప్రయత్నమే ఈ వ్యాసం. యూరపు, ఉత్తర అమెరికా ప్రాంతాలలో పెంచే పాశ్చాత్య తేనెటీగ, అంటే ఏపిస్ మెల్లిఫెరా, ఇక్కడ చర్చకు ఆధారం.

ఈ వ్యాసంలో తల్లిపట్టును వదిలి కొత్త నివాసం కోసం వెళ్లే ఈగల సమూహాన్ని 'గుంపు' అని, ఒకచోట స్థిరపడి పట్టు కట్టుకొన్న సమూహాన్ని 'కుటుంబం' అని, మైనంతో కట్టిన గదుల పలకను 'పట్టు' అని వ్యవహరించడం జరిగింది.

2. గుంపు విడిపోవడం – స్వరూపం:

తేనెటీగల విషయంలో ఒక్కొక్క ఈగ పుట్టుక వేరు, కుటుంబం పుట్టుక వేరు. రాణి గుడ్లు పెట్టడం వల్ల ఈగలు పుడతాయి. కుటుంబం రెండుగా చీలడం వల్ల కొత్త కుటుంబం పుడుతుంది. వసంతంలో పూలు విరగబూసి, పెట్టెలో ఈగలు కిక్కిరిసినప్పుడు కూలి ఈగలు కొత్త రాణుల కోసం ప్రత్యేకమైన గదులు కడతాయి. కొత్త రాణి బయటకు రాకముందే పాత రాణి కుటుంబంలోని అధికభాగం కూలి ఈగలతో బయటికి వెళ్తుంది. ఇది తొలిగుంపు. ఇందులో సాధారణంగా పదివేలకు అటూ ఇటూగా ఈగలుంటాయి. ఆ తర్వాత కొన్నిరోజులకు సంపర్కం జరగని కన్నెరాణులతో మరికొన్ని చిన్న గుంపులు విడిపోవచ్చు. ఇవి మలిగుంపులు.

గుంపు వెంట తీసుకువెళ్లగలిగిన ఆస్తి ఒక్కటే. బయలుదేరేముందు ప్రతి ఈగా తన తేనెసంచిని నింపుకొంటుంది. కొత్త ఇంట్లో మొదటి పట్టు కట్టేందుకు, మొదటి కొద్ది రోజులు బతికేందుకు ఆ తేనెయే ఆధారం. పట్టు, పిల్లలు, పుప్పొడి, నిల్వచేసిన తేనె అన్నీ తల్లిపట్టులోనే ఉండిపోతాయి. కనుక కొత్త కుటుంబం తన సంసారాన్ని ఖాళీ తొర్రలో మొదలుపెట్టవలసి ఉంటుంది.

3. సామెతకు సాక్ష్యం చెప్పే సంఖ్యలు:

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ డి. సీలీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా పరిసరాలలో మనుషుల పెంపకంలో లేని తేనెటీగ కుటుంబాలను పరిశీలించి 1978లో ఫలితాలను ప్రకటించాడు. కొత్తగా స్థాపితమైన కుటుంబాలలో ఏడాది గడిచేసరికి మిగిలినవి 24 శాతం మాత్రమే. అప్పటికే ఒక చలికాలాన్ని దాటిన కుటుంబాలలో మాత్రం 78 శాతం బతికాయి. అదే ప్రాంతంలో ఆయన జరిపి 2017లో ప్రకటించిన మరో అధ్యయనంలోనూ ఈ అంతరం దాదాపు అలాగే కనిపించింది. కొత్త కుటుంబాలలో 23 శాతం, పాతవాటిలో 84 శాతం బతికాయి.

ఈ సంఖ్యలు అన్ని కొత్త కుటుంబాలకూ సంబంధించినవి. వాటిలో ముందుగా విడిపోయినవీ, ఆలస్యంగా విడిపోయినవీ ఉన్నాయి. సీలీ, పి. కిర్క్ విషర్ కలిసి 1985లో ప్రకటించిన అధ్యయనం ఈ తేడాను ప్రత్యేకంగా పరీక్షించింది. వేసవి ఆరంభంలో స్థాపించిన కుటుంబాలతో పోలిస్తే ఆలస్యంగా స్థాపించినవి చలికాలాన్ని దాటే అవకాశం తక్కువని అందులో తేలింది. అంటే జానపదుల సామెత చెప్పిన క్రమాన్ని క్షేత్రపరిశోధన సమర్థించింది.

ఇక్కడ గమనించవలసిన మరో విషయం ఉంది. మొదటి చలికాలాన్ని దాటిన కుటుంబం ఏటేటా బతికే అవకాశం మూడురెట్లకు పైగా పెరుగుతున్నది. కనుక ఆలస్యపు గుంపుకు చేసే సాయం ఒక్క చలికాలానికి పరిమితమైనదైనా, దాని ఫలితం ఆ కుటుంబపు మిగిలిన జీవితమంతటికీ వర్తిస్తుంది.

4. ఆలస్యం వల్ల ఏర్పడే కొరతలు:

ఆలస్యపు గుంపులోని ఈగలు ముందుగా విడిపోయిన గుంపులోని ఈగలకంటే సహజంగా బలహీనమైనవి కావు. వాటి రాణి తక్కువ గుడ్లు పెట్టేదీ కానవసరం లేదు. కాలం చాలకపోవడం వల్ల ఏర్పడే కొరతలను నాలుగు విధాలుగా విభజించుకోవచ్చు.

4.1. పట్టు కొరత:

పట్టు లేనిదే గుడ్డుకు గది లేదు, తేనెకు గిన్నె లేదు. మైనాన్ని ఈగలు తమ ఉదరంలోని గ్రంథుల నుంచి స్రవిస్తాయి. ఒక కిలో మైనం తయారుకావడానికి సుమారు 6 నుంచి 8 కిలోల తేనె ఖర్చవుతుందని సాధారణమైన అంచనా. అడవిలోని ఒక పూర్తి గూడులో దాదాపు 1.2 కిలోల మైనం ఉంటుంది. ఈ లెక్కన గూడు కట్టడానికే 7 నుంచి 10 కిలోల తేనె కావాలి. మే నెల గుంపు ఈ ఖర్చును పూలు దండిగా ఉన్న రోజులలో భరిస్తుంది. జులై గుంపు మకరందం తగ్గుముఖం పట్టిన రోజులలో భరించాలి.

4.2. తిండి కొరత:

ఇథాకా వంటి ప్రాంతంలో ఒక కుటుంబం చలికాలం గడవడానికి 20 కిలోలకు పైగా తేనె కావాలి. అక్కడ బాస్‌వుడ్ చెట్లు, క్లోవర్ గడ్డి పూచే జూన్, జులై నెలలు మకరందానికి ప్రధానమైన అదను. ఆ తర్వాత మళ్లీ గోల్డెన్‌రాడ్, ఆస్టర్ మొక్కలు పూచే శరదృతువు వరకు ఆదాయం తక్కువ. ఇంగ్లండులో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పూచే ఐవీ తీగ చివరి ఆధారం. జులై మధ్యలో స్థిరపడిన గుంపు ప్రధానమైన పూలకాలం ముగిశాక సంసారం మొదలుపెడుతుంది.

4.3. సంఖ్య కొరత:

కూలి ఈగ గుడ్డు నుంచి రెక్కల ఈగగా మారడానికి 21 రోజులు పడుతుంది. గుడ్డుగా మూడు రోజులు, పిల్లపురుగుగా సుమారు ఆరు రోజులు, మూత వేసిన గదిలో పన్నెండు రోజులు. జులై 15న ఒక తొలిగుంపు స్థిరపడిందనుకుందాం. పట్టు మొదలై, రాణి గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మొదటి కొత్త ఈగ బయటికి వచ్చేసరికి ఆగస్టు 8 లేదా 9 అవుతుంది. వేసవిలో కూలి ఈగ ఆయుష్షు నాలుగు నుంచి ఆరు వారాలు మాత్రమే. అంటే కొత్త ఈగలు పుట్టకముందే పాత ఈగలు రాలిపోతూ, కుటుంబం రోజురోజుకూ క్షీణిస్తుంది. మలిగుంపు ఐతే కన్నెరాణి పరిపక్వమై, బయటికి ఎగిరి పోతుటీగలతో కలిసి, తిరిగివచ్చి గుడ్లు పెట్టేందుకు మరో ఒకటి రెండు వారాలు పోతాయి.

4.4. దీర్ఘాయువు గల ఈగల కొరత:

వేసవి ఈగకూ చలికాలపు ఈగకూ మధ్య శరీరనిర్మాణంలోనే తేడా ఉంది. శరదృతువులో పుట్టే ఈగల ఒంట్లో కొవ్వు కణజాలం ఎక్కువ. అందులో విటెల్లోజెనిన్ అనే మాంసకృత్తు నిల్వ ఉంటుంది. ఈ ఈగలు ఆరు నెలల వరకు బతకగలవు. వసంతంలో మొదటి పిల్లలను సాకేది ఇవే. ఇటువంటి ఈగలు పుట్టాలంటే ఆగస్టు చివరి నుంచి తగినంత పుప్పొడి, సాకేందుకు తగినన్ని దాది ఈగలు ఉండాలి. సరిగ్గా ఆ సమయంలోనే జులై గుంపు సంఖ్యాపరంగా అతి బలహీనమైన దశ నుంచి అప్పుడప్పుడే తేరుకొంటూ ఉంటుంది.

ఈ నాలుగు కొరతలూ ఒకదానితో మరొకటి ముడిపడినవి. పట్టు లేక పిల్లలు తక్కువ, పిల్లలు లేక ఈగలు తక్కువ, ఈగలు లేక తేనె తక్కువ, తేనె లేక మళ్లీ పట్టు తక్కువ. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచడమే సాయం.

5. చలిముద్ద – శీతకాలపు జీవనవిధానం:

తేనెటీగలు చలికాలంలో నిద్రపోవు. బయటి ఉష్ణోగ్రత సుమారు 14 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినప్పుడు అవి పట్టుల మధ్య ఒకదానినొకటి ఆనుకొని ముద్దకడతాయి. ముద్ద పైపొరలోని ఈగలు తలలు లోపలికి పెట్టి దట్టంగా సర్దుకొని కవచంలా నిలుస్తాయి. లోపలి ఈగలు రెక్కలు కదపకుండా ఎగిరే కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. పైపొర ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల కంటే తగ్గితే అక్కడి ఈగలు కొయ్యబారి రాలిపోతాయి. నడుమ పిల్లలు ఉన్నప్పుడు అక్కడ 34, 35 డిగ్రీల వేడి నిలవాలి. ఈ వేడికంతటికీ ఇంధనం తేనె.

ముద్ద పరిమాణం ఇక్కడ నిర్ణయాత్మకమవుతుంది. గోళం చిన్నదయ్యేకొద్దీ దాని ఘనపరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం ఎక్కువవుతుంది. కాబట్టి చిన్న ముద్ద తలకు ఎక్కువ వేడిని కోల్పోతుంది, తలకు ఎక్కువ తేనె తింటుంది. అంతేగాక తీవ్రమైన చలిలో చిన్న ముద్ద కదలలేదు. పక్క పట్టులో, జానెడు దూరంలో తేనె ఉన్నా అక్కడికి చేరలేక ఆకలితో చనిపోయిన కుటుంబాలు పెంపకందారులకు తరచుగా కనిపిస్తాయి. నిల్వ ఎంత ఉందనే ప్రశ్నతోపాటు, అది ముద్దకు అందే చోట ఉందా అనే ప్రశ్నకు కూడా ఇక్కడ సమానమైన ప్రాధాన్యం ఉంది.

ఖర్చు కూడా చలికాలమంతా ఒకే తీరుగా ఉండదు. పిల్లలు లేని మొదటి నెలలలో తక్కువ తేనెతో గడుస్తుంది. చలికాలం మధ్యలో రాణి తిరిగి గుడ్లు పెట్టడం మొదలుపెట్టగానే ఖర్చు హెచ్చుతుంది. అందువల్లనే డిసెంబరు గడిచిన కుటుంబం మార్చిలో, పూలు రాబోయే వారాలలో ఆకలికి నశించడం సాధారణం.

6. గడ్డిబుట్టల కాలం నాటి తీర్పు:

సామెత పుట్టిన కాలంలో ఇంగ్లండులో తేనెటీగలను గడ్డితో అల్లిన బుట్టలలో పెంచేవారు. బుట్టలోని పట్టులు గోడలకు అతుక్కొని ఉండేవి. వాటిని కోయకుండా తేనె తీయడం, లోపల ఏముందో చూడడం సాధ్యమయ్యేది కాదు. శరదృతువులో పెంపకందారు బుట్టలను ఎత్తి బరువు చూసేవాడు. బాగా బరువైనవాటిని తేనె కోసం, బాగా తేలికైనవాటిని ఎలాగూ చలికాలం దాటవనే ఉద్దేశంతో గంధకపు పొగకు ఆహుతి చేసేవాడు. మధ్యరకం బుట్టలను మరుసటి ఏటికి ఉంచుకొనేవాడు. ఆలస్యపు గుంపులు సహజంగా తేలికైన బుట్టలలో చేరేవి. విలువ లేదన్న మాటకు ఆచరణలో అర్థం ఇది.

ఈ ఆచారాన్ని వ్యతిరేకించినవారూ ఉన్నారు. స్విట్జర్లాండుకు చెందిన మతగురువు జొనాస్ దె జెల్యూ, బలహీన కుటుంబాలను చంపే బదులు శరదృతువులో రెండింటిని ఒకటిగా కలపాలని బోధించాడు. కలిసిన కుటుంబం ఒక్క కుటుంబం తినేదానికంటే పెద్దగా ఎక్కువ తినదని ఆయన పరిశీలన. ఆయన గ్రంథం 1829లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లండులో విలియం చార్లెస్ కాటన్ 1842లో ప్రకటించిన 'మై బీ బుక్' ఇదే వాదాన్ని ప్రచారం చేసింది. ఎండిన ఒకరకం పుట్టగొడుగు పొగతో ఈగలను మత్తులో ముంచి, చంపకుండా మరో కుటుంబంతో కలిపే విధానాన్ని ఆయన వివరించాడు. జెల్యూకు ఆశ్చర్యకరంగా తోచిన తిండి లెక్కకు, పైన చెప్పిన ఉపరితలం, ఘనపరిమాణాల సంబంధం సమాధానం ఇస్తుంది.

1852లో అమెరికాకు చెందిన ఎల్. ఎల్. లాంగ్‌స్ట్రాత్ కదిలించగల చట్రాల పెట్టెకు పేటెంటు పొందడంతో పరిస్థితి మౌలికంగా మారింది. చట్రాన్ని బయటికి తీసి చూడవచ్చు. ఒక కుటుంబపు పట్టును మరొక కుటుంబానికి ఇవ్వవచ్చు. బలమైన కుటుంబం వేసవిలో కూడబెట్టిన కాలాన్ని, శ్రమను పట్టు రూపంలో బలహీన కుటుంబానికి బదిలీ చేయడం ఆనాటి నుంచి సులభసాధ్యమైంది. సామెత చెప్పిన జీవశాస్త్రం మారలేదు. దానినుంచి పెంపకందారు తీసుకోవలసిన నిర్ణయం మారింది.

7. తోడ్పడే విధానాలు:

7.1. కట్టిన పట్టులను అందించడం:

ఆలస్యపు గుంపును పట్టి పెట్టెలో ఉంచినప్పుడు చేయవలసిన మొదటి పని, ఆరోగ్యకరమైన కుటుంబం నుంచి తీసిన ఖాళీ పట్టుల చట్రాలను అందులో ఉంచడం. రాణి వెంటనే గుడ్లు పెట్టగలదు. వచ్చిన మకరందాన్ని దాచేందుకు చోటు దొరుకుతుంది. మైనానికి ఖర్చయ్యే తేనె మిగులుతుంది. పట్టులు దొరకనప్పుడు మైనపు పలకలు అమర్చిన చట్రాలు ఇచ్చి, పంచదార, నీరు సమపాళ్లలో కలిపిన పలుచని పాకం అందిస్తే ఈగలు వేగంగా పట్టు కడతాయి.

7.2. వరోవా నల్లిని అదుపుచేయడం:

వరోవా నల్లి మొదట ఆసియా తేనెటీగ ఐన ఏపిస్ సెరానా మీద బతికిన పరాన్నజీవి. తరువాత పాశ్చాత్య తేనెటీగకు వ్యాపించి దానికి ప్రధాన శత్రువైంది. ఇది ప్రధానంగా ఈగల కొవ్వు కణజాలాన్ని తింటుందని 2019లో ప్రకటితమైన పరిశోధన చూపింది. రెక్కలను వికృతపరచే వైరస్‌ను కూడా ఇది వ్యాపింపజేస్తుంది. చలికాలపు ఈగ ఆయుష్షుకు మూలమైన కణజాలమే నల్లికి ఆహారం కావడం గమనార్హం.

ఈ విషయంలో గుంపుకు ఒక అరుదైన అనుకూలత ఉంది. నల్లి మూత వేసిన పిల్లల గదులలో దాగి సంతానాన్ని వృద్ధిచేసుకొంటుంది. కొత్తగా వచ్చిన గుంపులో పిల్లల గదులే ఉండవు. కాబట్టి దాని వెంట వచ్చిన నల్లులన్నీ ఈగల ఒంటిమీదనే ఉంటాయి. ఆక్సాలిక్ ఆమ్లం గది మూతలను దాటి పోలేదు. ఈగల మీది నల్లులపై మాత్రం బాగా పనిచేస్తుంది. గుంపు స్థిరపడిన మొదటి వారంలో, తొలి పిల్లల గదులకు మూత పడకముందే, ఆ దేశపు నిబంధనల ప్రకారం ఈ చికిత్స చేస్తే కుటుంబం దాదాపు నల్లిలేని స్థితిలో మొదలవుతుంది. మరో కుటుంబం నుంచి మూత వేసిన పిల్లలున్న చట్రాన్ని ఇచ్చి సంఖ్య పెంచాలనుకొన్నప్పుడు ఈ అనుకూలత పోతుందని గుర్తించాలి. ఆ చట్రంతోపాటు నల్లులూ వస్తాయి.

7.3. పాకం అందించడం:

ఆగస్టు చివరి నుంచి చిక్కని పాకం ఇవ్వాలి. రెండుపాళ్లు పంచదారకు ఒకపాలు నీరు దీనికి ప్రమాణం. ఈగలు ఆ పాకంలోని నీటిని ఆవిరిచేసి, చిక్కబరచి, గదిలో నింపి మైనపు మూత వేయాలి. ఈ పనికి వెచ్చదనం, సమయం రెండూ కావాలి. చలి ముదిరిన తర్వాత పాకం ఇస్తే అది పలుచగానే మిగిలి పులిసిపోవచ్చు. 10 కిలోల పంచదార నుంచి సిద్ధాంతరీత్యా సుమారు 12 కిలోల నిల్వ ఏర్పడుతుంది. అందులో కొంత ఈగల శ్రమకే ఖర్చవుతుంది.

పాకం పెట్టేటప్పుడు దోపిడి విషయంలో జాగ్రత్త అవసరం. పూలు లేని రోజులలో బలమైన కుటుంబాల ఈగలు బలహీనమైన పెట్టెల మీద పడి తేనె దోచుకుంటాయి. ప్రవేశద్వారాన్ని ఒకటి రెండు ఈగలు పట్టేంతగా కుదించడం, పాకాన్ని పెట్టె లోపలనే, సాయంసంధ్యలో ఇవ్వడం, ఒక్క చుక్క కూడా బయట ఒలకకుండా చూడడం రక్షణమార్గాలు. ఎక్కడిదో తెలియని తేనెను ఎన్నడూ ఆహారంగా పెట్టరాదు. పిల్లలను కుళ్లబెట్టే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ వ్యాధి బీజాలు తేనె ద్వారా వ్యాపిస్తాయి.

7.4. ఇల్లు చిన్నది చేయడం, వెచ్చగా ఉంచడం:

పెద్ద పెట్టెలో చిన్న కుటుంబం ఖాళీ జాగాను వేడిచేస్తూ అలసిపోతుంది. ఐదారు చట్రాలు పట్టే చిన్న పెట్టెలో వాటిని సర్ది, అవసరమైతే పైకి మరో అంతస్తు పెంచడం మేలు. ముద్ద సహజంగా పైకి కదులుతుంది కనుక తేనె దాని పైన, ఇరుపక్కల ఆనుకొని ఉండాలి. చెట్టు తొర్రకు ఉండే మందమైన గోడలతో పోలిస్తే పలుచని చెక్కపెట్టె ఎన్నోరెట్లు వేగంగా వేడిని కోల్పోతుంది. అందువల్ల ఉష్ణబంధక పదార్థంతో చేసిన పెట్టెను వాడడం, కనీసం పైకప్పుకు మందమైన పొర అమర్చడం అవసరం. పైకప్పు చల్లబడితే ఈగల శ్వాసలోని ఆవిరి అక్కడ నీటిబొట్లుగా మారి ముద్దమీద పడుతుంది. తడిసిన ఈగ చలికి తట్టుకోలేదు.

మరో విధానం చిన్న కుటుంబపు పెట్టెను బలమైన కుటుంబం మీద నిలపడం. నడుమ రెండు వరుసల సన్నని జాలీ ఉంచితే ఈగలు కలవవు. కింది కుటుంబపు వేడి మాత్రం పైకి చేరుతుంది. పై కుటుంబానికి వేరే ద్వారం ఏర్పాటుచేయాలి.

7.5. కలపడం:

సెప్టెంబరు మొదట్లో పెంపకందారు నిష్కర్షగా లెక్క చూసుకోవాలి. చిన్న పెట్టెలోని చట్రాలన్నింటినీ ఈగలు కప్పి ఉన్నాయా? రాణి గుడ్లు వరుసగా, ఖాళీలు లేకుండా పెడుతున్నదా? పాకం నిల్వగా మారుతున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానం ప్రతికూలంగా ఉంటే, ఆ కుటుంబాన్ని విడిగా బతికించే ప్రయత్నం మాని, మరొక కుటుంబంతో కలపడం సరైన నిర్ణయం. ముందుగా వ్యాధి లేదని నిర్ధారించుకోవాలి. బలహీనతకు కారణం వ్యాధి ఐతే కలపడం వల్ల రెండూ నశిస్తాయి.

కలపడానికి వార్తాపత్రిక కాగితం చాలు. రెండు రాణులలో తక్కువరకం దానిని తొలగించి, ఒక పెట్టె మీద కాగితం పరచి, చిన్న చిల్లులు పొడిచి, రెండో పెట్టెను దానిమీద ఉంచుతారు. రెండువైపుల ఈగలూ కాగితాన్ని కొరుకుతూ రావడానికి కొద్ది రోజులు పడుతుంది. ఈలోగా రెండు కుటుంబాల వాసనలు కలిసిపోయి పోరు తప్పుతుంది. రెండు వందల ఏళ్ల కిందట జెల్యూ చెప్పిన సలహాకు ఇది నేటి రూపం.

7.6. చలికాలపు పర్యవేక్షణ:

చలిలో పెట్టెను తెరవకూడదు. వెనుకవైపు కొద్దిగా ఎత్తి బరువును అంచనా వేయవచ్చు. జనవరి తర్వాత పెట్టె తేలికగా తోస్తే ద్రవపాకం ఇవ్వరాదు. గట్టిగా ముద్దచేసిన పంచదారను లేదా మెత్తని పంచదార ముద్దను చలిముద్దకు సరిగ్గా పైన ఉంచాలి. ఎలుకలు దూరకుండా ద్వారానికి చిల్లుల రేకు బిగించడం, ఎదురుగాలి తగలని చోట పెట్టెను నిలపడం, మధ్య చలికాలంలో పిల్లలు లేని సమయం చూసి నల్లికి మరోమారు చికిత్స చేయడం మిగిలిన జాగ్రత్తలు.

8. సాయం చేయడం సమంజసమా?

బలహీనమైనవి నశించి, బలమైనవి మిగలడం ప్రకృతి నియమమని, మనిషి జోక్యం ఆ ఎంపికను చెడగొడుతుందని ఒక వాదం ఉంది. సీలీ సైతం అడవి కుటుంబాల జీవనాన్ని ఆదర్శంగా తీసుకొని, పెంపకంలో జోక్యాన్ని తగ్గించాలని సూచించినవారిలో ఒకరు. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం. ఐతే రెండు విషయాలను పరిగణించాలి. మొదటిది, ఆలస్యం ఎల్లప్పుడూ వంశలక్షణం కాదు. వసంతంలో కురిసిన ఎడతెగని వానలు గాని, పెంపకందారు సకాలంలో చోటు కల్పించకపోవడం గాని దానికి కారణం కావచ్చు. రెండవది, పెట్టెలు దగ్గరదగ్గరగా ఉన్న చోట బలహీన కుటుంబాన్ని దాని మానాన వదలడం తటస్థమైన చర్య కాదు. నల్లితో కూలిపోతున్న కుటుంబాన్ని దోచుకోవడానికి వచ్చిన ఈగలు ఆ నల్లులను తమ ఇళ్లకు మోసుకుపోతాయి.

కనుక మొదటి చలికాలానికి సాయం చేయడం, వసంతంలో ఆ కుటుంబపు గుణాన్ని పరీక్షించి, లక్షణాలు మంచివి కాకపోతే రాణిని మార్చడం మధ్యేమార్గంగా కనిపిస్తుంది. అప్పుడు ఎంపిక జరుగుతుంది. కాని ఆ ఎంపిక పుట్టిన తేదీని బట్టి కాక గుణాన్ని బట్టి జరుగుతుంది.

9. తెలుగు నేలకు అన్వయం:

తెలుగు మైదానాలలో తేనెటీగలను చంపేంత చలి లేదు. పుట్టతేనె పట్టే దేశవాళీ ఈగ ఐన ఏపిస్ సెరానాకు గాని, పెట్టెలలో పెంచుతున్న పాశ్చాత్య ఈగకు గాని ఇక్కడి గడ్డుకాలం పూలు కొరవడే వానాకాలం. చలిముద్ద గురించిన నియమాలు ఇక్కడ వర్తించవు. ఐతే పూలకాలం ముగిసే వేళ విడిపోయిన గుంపుకు పట్టు, తిండి, సంఖ్య కొరవడటం రెండుచోట్లా ఒక్కటే. దేశవాళీ ఈగ విషయంలో మరో ప్రమాదం కూడా ఉంది. తిండి కరువైనప్పుడు అది గూటిలో ఉండి చనిపోవడానికి బదులు, కుటుంబమంతా గూడు విడిచి వెళ్లిపోతుంది. అందుచేత వానాకాలంలో పాకం అందించడం, పెట్టెను కుదించడం, బలహీన కుటుంబాలను కలపడం ఇక్కడి పెంపకందారులకూ ఆచరణీయమైన సూత్రాలే.

10. ముగింపు:

పై చర్చ నుంచి కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. ఆలస్యపు గుంపుల గురించిన జానపద సామెత చెప్పిన క్రమం శాస్త్రీయంగా సరైనదే. ఇథాకా పరిసరాలలో జరిగిన పరిశోధనలు దానికి బలం చేకూరుస్తున్నాయి.

2. ఆ గుంపుల వైఫల్యానికి మూలం కాలం చాలకపోవడం. అది పట్టు, తిండి, సంఖ్య, దీర్ఘాయువు గల ఈగలు అనే నాలుగు కొరతలుగా వ్యక్తమవుతుంది.

3. కట్టిన పట్టు అంటే ఇతర ఈగలు ముందే వెచ్చించిన కాలం. పాకం అంటే దాటిపోయిన పూలకాలానికి బదులు. కలపడం అంటే రెండు చిన్న ముద్దల నష్టాన్ని ఒక పెద్ద ముద్దతో తగ్గించడం.

4. గుంపులో పిల్లలు లేని మొదటి వారం వరోవా నల్లిని అదుపుచేయడానికి అత్యంత అనుకూలమైన సమయం.

5. కుటుంబాన్ని విడిగా నిలపలేమని సెప్టెంబరులో గుర్తించి మరొకదానితో కలిపితే ఈగలు బతుకుతాయి. ఆ నిర్ణయాన్ని వాయిదా వేస్తే కుటుంబమూ ఈగలూ రెండూ పోతాయి.

సామెత అదను తప్పిన గుంపుకు విలువ లేదన్నది. ఆ మాట చెప్పిన కాలంలో బుట్టను ఎత్తి బరువు చూడడం తప్ప పెంపకందారు చేతిలో మరో సాధనం లేదు. నేటి పెంపకందారుకు ఆ సాధనాలున్నాయి. తప్పిన అదనును అతడు వెనక్కి తేలేడు. దానివల్ల కలిగిన లోటును ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పూడ్చగలడు. ఆ రెండు నెలలే ఆలస్యపు గుంపు విషయంలో పెంపకందారుకు మిగిలిన అదను.